రాహుకాలంలో పొగ ఎటు పోతుంది

మిగిలిన పదకొండు ప్రయోగశాలల వాకిలి సాక్షులకు,

ఈ నెల 22వ తేదీ సోమవారం ఉదయం మన పన్నెండు చోట్లా ఒకేసారి ఎర్రపెట్టె తెరుస్తారు. అందులో ఉన్నది పాత జ్వరం వైరస్. మనం ఇప్పటిదాకా కాపలా కాస్తున్న బలం తగ్గించిన రకం కాదు, నలభై ఏళ్ళ కిందట ఊళ్ళు ఖాళీ చేసిన అసలుది. అది తెరిచేలోపు మీలో కనీసం ఇద్దరు ఒక చిన్న పని చేసి, చూసింది చూసినట్టు నాకు రాయాలి. ఇప్పుడే రాయడానికి కారణం ఇదే. పది రోజులు ఆగి రాస్తే దీనితో ఎవరికీ పని ఉండదు.

నా పేరు మైలపల్లి నూకరత్నం. గట్టుపేట ప్రయోగశాల సాక్షిని. వైరస్‌ల గురించి నాకు మీకంటే ఎక్కువ తెలియదు. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనే మొదలు. ఈ రోజుల్లో చేతిపలకలే అన్నీ చదివి వినిపిస్తాయి కాబట్టి చేత్తో రాయగలిగేవాళ్ళు మా పేటలో నలుగురే ఉన్నారు. వాళ్ళలో నన్ను ఎంచుకున్నారు. మీరూ దాదాపు అలాగే వచ్చి ఉంటారు.

నా పుస్తకంలోంచి అవసరమైన రోజులను, ఇంటి దగ్గర విడిగా రాసుకున్న సంగతులు కూడా కలిపి, ఎత్తి రాస్తున్నాను.

203వ రోజు. సెప్టెంబరు 1, సోమవారం

మొదటి బత్తి ఆరింటికి. లోపలికి. రెండవది పదిన్నరకు. లోపలికి. మూడవది రెండింటికి. లోపలికి. నాలుగవది ఏడింటికి. లోపలికి.

పెట్టెలో ఇంక పదకొండు ఊదుబత్తులే ఉన్నాయి. వాసన లేనివే పంపమని రాశాను. పోయినసారి మల్లెపూల వాసనవి పంపితే లోపలి వరండా పెళ్ళిపందిరిలా ఉందని డైరెక్టరు మందాకిని గారు నవ్వారు.

నిన్న ఆదివారం సంతలో, సాక్షుల చట్టం ప్రకారం, వారం పుస్తకం చదివాను. ఇరవై ఎనిమిది సార్లు "లోపలికి". పిల్లలు మైకు ముందు వరసగా నిలబడి నాతోపాటు పాటలా పలికారు. ఒక పిల్ల మాత్రం, "ఏటి లోపలికి, అక్కా?" అని అడిగింది. గది తలుపు సందు దగ్గర ఊదుబత్తి పడతానని, పొగ లోపలికి పోతే లోపలి ఫ్యాను గాలిని లాగి వడపోతల్లోంచి పైకి పంపుతోందని అర్థమని, బయటికి వస్తే గదిలో ఉన్నది మన దగ్గరికి వస్తోందని అర్థమని చెప్పాను. "మరి ఎప్పుడూ బయటికి రాదేం?" అంది. "రాకూడదు కదమ్మా" అన్నాను. పెద్దవాళ్ళెవరూ ఏమీ అడగలేదు. సముద్రపు నాచు తూకాల దగ్గర బేరాలు ఆగలేదు. అడగకపోవడం మంచి సంకేతమే అనుకున్నాను.

205వ రోజు. సెప్టెంబరు 3, బుధవారం

నాలుగు బత్తులూ లోపలికి.

అప్పలకొండ పిన్నిని గేటు దగ్గర ఆపేశారు. జ్వరం. పిన్ని, మా అమ్మ పోలమ్మ, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు లోపలి వరండా ఊడుస్తారు. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు కాదు. పాత ఊరు నీళ్ళలో మునిగినప్పుడు ఇద్దరూ ఒకే పడవలో గట్టెక్కారు. అప్పటినుంచి వరస కలిసింది.

"రాత్రి నాచుపచ్చడి ఎక్కువ తిన్నాను, ఒళ్ళు ఏడెక్కింది. దానికింత గోలేటి బాబూ?" అని కాపలా మనిషిని గదమాయించింది పిన్ని.

"పచ్చడి జ్వరమో మరో జ్వరమో రక్తం చెబుతుందిలే పిన్నీ" అన్నాను.

"రక్తం నీలాగే సదువుకుందేటే, చెప్పడానికి?"

జ్వరపు గదిలోకి నవ్వుతూనే వెళ్ళింది. అద్దం కిటికీలోంచి చెయ్యి ఊపింది.

206వ రోజు. సెప్టెంబరు 4, గురువారం

మొదటి రెండు బత్తులూ లోపలికి.

పిన్ని రక్తంలో వైరస్ ఉంది. టీకా కోసం బలం తగ్గించిన రకం. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందని వైద్యురాలు చెప్పింది. కాని ఆ వైరస్ ఉండవలసింది గదిలో, గాజు పెట్టెల్లో. ఊడ్చే మనిషి రక్తంలోకి ఎలా వచ్చింది?

మందాకిని గారు నన్ను పిలిచారు. బల్ల మీద నా పుస్తకం ఉంది. మొదటి పేజీ నుంచి ప్రతి పేజీకి పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంది.

"మొత్తం చదివాను రత్నం. ఎనిమిది వందల ఇరవై సార్లు చూశావు. ఒక్కసారి కూడా పొగ బయటికి రాలేదు. ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం నేను మరెక్కడా చూడలేదు" అన్నారు.

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సంతోషమే. నా పుస్తకాన్ని ఒకరు మొదటి నుంచి చివరి దాకా చదవడం అదే మొదటిసారి.

"అంటే గాలిలో తప్పు లేదు. తప్పు మనిషిలోనే ఉండాలి" అన్నారు ఆవిడ ఆ తరువాత.

మధ్యాహ్నం జ్వరపు గది కిటికీ అరలోంచి పిన్నికి ఒక కాగితం ఇచ్చారు, వేలిముద్ర కోసం. పిన్ని దాన్ని అద్దానికి ఆనించి నాకు చూపించింది.

"ఏటి రాసుందే?"

చదివాను. వ్యర్థాల బుట్ట మూతను నిబంధనకు విరుద్ధంగా తీసినందువల్ల వ్యాధి సోకిందని ఒప్పుకుంటున్నాను. సాక్షి పుస్తకం ప్రకారం గాలి ప్రవాహంలో ఏ లోపమూ లేదు.

"నువ్వు బుట్ట మూత తీశావని రాశారు."

"సీ! దాని దగ్గరికి ఎవులెల్తారే? అటేపు సీపురు కూడా సాపను నాను. పులిబోనంత బయం నాకు అదంటే."

"నాకు తెలుసు పిన్నీ."

"నీకు తెలిస్తే సరిపోద్దేటి? ఆ సాచ్చి పుస్తకం అంటే నీదేనా? నువ్వే రాసినావా నా మీద?"

నీ మీద రాయలేదు, తలుపు మీద రాశాను అని చెప్పాను. చెబుతుంటే నాకే బాగా అనిపించలేదు. నేను రాసిన ప్రతి మాటా నిజం. ఆ నిజాలన్నీ కలిసి పిన్నిని దోషిని చేశాయి. వేలిముద్ర వేస్తే పని పోతుంది, చేసిన తప్పు ఒప్పుకున్నట్టు కాగితం జన్మంతా ఉంటుంది.

"ఆదివారం దాకా వేయకు. చెయ్యి వణుకుతోందని చెప్పు" అన్నాను.

"అబద్దమెందుకు, నిజంగానే వణుకుతంది" అంది పిన్ని.

మూడవ బత్తి మూడున్నరకు, నాలుగవది ఏడింటికి. లోపలికి, లోపలికి.

207వ రోజు. సెప్టెంబరు 5, శుక్రవారం

నాలుగు బత్తులూ లోపలికి. ఇది రాసేటప్పుడు నాకు మొదటిసారి కోపం వచ్చింది.

సాయంత్రం అమ్మ ఆరబెట్టిన నాచును దులిపి మడతలు పెడుతోంది. పక్కన కూర్చుని అడిగాను.

"మీరు వరండా ఎప్పుడు ఊడుస్తారమ్మా?"

"రోజూ."

"ఏ వేళకి అని?"

"రావుకాలానికి."

"అది రోజుకో వేళకి వస్తుంది కదా."

"అదే మరి. సోమారం పొద్దున్నే, మంగళారం సాయంత్రం, ఈ రోజు బోయినాలకి ముందు. ఆ గంటన్నరా డాట్రమ్మలూ డాట్రబాబులూ అందరూ టీలకి బయటికొచ్చెస్తారు. కొత్త పనేదీ ఎత్తుకోరు కదా అప్పుడు. గది కాళీ, వరండా కాళీ. మావు ఎల్తాం."

"అంత చదువుకున్నవాళ్ళు రాహుకాలం చూస్తారా?"

"సదువుకున్నోలకి గడియారం ఉంటాదిలేవే. మాకంటే బాగా సూస్తారు."

నేను నవ్వాను. నవ్వుతూనే లేచి, మా గోడ మీద ఉన్న పంచాంగం తీశాను. నాకు ముందు సాక్షిగా ఉన్న కారి దాలయ్య తాత ఇచ్చిన బత్తుల వేళల పట్టీ పక్కన పెట్టుకున్నాను. ఆ పట్టీలో వేళలు రోజుకో తీరుగా ఉంటాయి. సిబ్బంది ముందుగా ఊహించకుండా ఉండటానికి అలా పెట్టారని నేను పనిలో చేరిన రోజు నుంచి అనుకుంటున్నాను. పంచాంగం పక్కన పెట్టి చూస్తే ఒక్క బత్తి కూడా రాహుకాలంలో పడలేదు. సోమవారం రెండవది తొమ్మిది దాటాకే. గురువారం మూడవది మూడు దాటాకే. శనివారం రెండవది పదిన్నర దాటాకే.

రోజుకు గంటన్నర చొప్పున ఏడు నెలలు నేను ఆ తలుపు చూడలేదు. ఆ గంటన్నరలోనే మా అమ్మ అక్కడ ఉంది.

208వ రోజు. సెప్టెంబరు 6, శనివారం

మొదటి బత్తి ఆరింటికి. లోపలికి.

శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. తొమ్మిదింటికి డాక్టర్లు కబుర్లు చెప్పుకుంటూ టీ గదికి వెళ్ళారు. నేను ముసుగు కట్టుకుని లోపలి వరండాలోకి వెళ్ళాను. ఊడ్చేవాళ్ళు ఆరుగురూ అప్పుడే వచ్చారు. వాళ్ళ మూతులకు మామూలు గుడ్డలే ఉన్నాయి.

వరండా ఏదో మారినట్టు అనిపించింది. కాసేపటికి తెలిసింది, ఫ్యాను మోత లేదు. మోత లేకుండా ఆ వరండాను నేను ఎప్పుడూ వినలేదు. చీపుళ్ళ చప్పుడు మాత్రం బాగా వినిపిస్తోంది.

అగ్గిపుల్ల గీశాను.

"ఓలె, రావుకాలంలో ఊదొత్తి ఎలిగిస్తన్నావేటే? ఆర్పీ!" అంది అమ్మ.

"ఒక్క నిమిషం అమ్మా."

తలుపు సందు దగ్గర పట్టాను. పొగ ముందు నిటారుగా లేచింది. తరువాత మెల్లగా వంగి నా వైపు తిరిగింది. నా ముసుగు తాకి, భుజం మీదుగా పోయి, అమ్మ నిలబడ్డ చోటికి వెళ్ళింది.

అమ్మకు చదవడం రాదు. పొగను మాత్రం నాకంటే ముందే చదివింది. "అది మనేపు వస్తంది కదే" అంది నెమ్మదిగా. చీపురు కింద పెట్టింది. వెనక్కి తిరిగి, "ఒసే, అందరూ ఒగ్గీసి రండి. బేగి. అడగకండి, రండి" అంది.

రెండవ బత్తి తొమ్మిదీ ఇరవైకి. బయటికి. మూడవది తొమ్మిదీ యాభైకి. బయటికి. నాలుగవది పదీ నలభైకి, ఫ్యాను మోత మళ్ళీ మొదలయ్యాక. లోపలికి.

ఫ్యాన్ల మేస్త్రీ గంగునాయుడు గారు మేడమెట్ల మీద కూర్చుని టిఫిను తింటున్నారు. ఫ్యాను ఎందుకు ఆపారని అడిగాను.

"రెండు ఫ్యాన్లు ఉండాలమ్మా. ఒకటి రెండేళ్ళ కిందట చచ్చింది. ఉన్నదొక్కటి. ఎద్దుకైనా మేత వేళకి కాడి దించుతాం కదా? రోజుకి గంటన్నర దీన్ని ఆపకపోతే మోటారు కాలిపోద్ది. మరి ఎప్పుడాపాలి? గదిలో ఎవరూ లేనప్పుడు. ఎవరూ ఎప్పుడుండరు?"

"రాహుకాలంలో."

"చూశావా, నీకే తెలిసిపోయింది."

"ఫ్యాను ఆగితే గాలి దారికి మూత పడాలి కదా?"

"పడాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టి సగంలో ఆగిపోతంది. మోటారు కావాలని, మూత కావాలని మూడుసార్లు నగరానికి రాశాను."

"మీటరులో తెలియదా?"

"అది రోజంతటికీ ఒక్క సగటు అంకె చూపిస్తాది. గంటన్నర దానికి ఆనదు."

"మిగతా పదకొండు చోట్ల ఎలా ఉందండీ?"

"అవీ ఇవీ ఒకే ఏడాది బిగించినవి. ఒకే రకం ఫ్యాన్లు, అన్నీ సముద్రం పక్కనే. నాలుగు చోట్ల నా చేత్తోనే బిగించాను." ఆయన డబ్బా మూత పెట్టారు. "అంతకంటే నన్ను అడగకు."

"ఆ వేళ వరండాలో ఆడవాళ్ళు ఊడుస్తుంటారని మీకు తెలియదా?"

గంగునాయుడు గారు నా వైపు చూశారు. డబ్బా మెట్టు మీద పెట్టారు.

"గదిలో ఎవరూ లేరనే చూసుకున్నానమ్మా. వరండా సంగతి నాకెవరూ చెప్పలేదు" అన్నారు.

మందాకిని గారి దగ్గర నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఆవిడ రెండు "బయటికి"లనూ చదివి కళ్ళజోడు తీశారు.

"నేను రాహుకాలం నమ్మను రత్నం. మా అమ్మ నమ్మేది. నేను వచ్చేసరికే ఇక్కడ ఈ అలవాటుంది. అందరూ ఒకేసారి టీకి వస్తారు, మాట్లాడుకోవడానికి బాగుంటుంది కదా అని మార్చలేదు."

పిన్ని కాగితం జ్వరపు గది నుంచి తెప్పించి చించేశారు. ఊడ్చేవాళ్ళను వరండాలోకి వెళ్ళకుండా ఆపారు. వాళ్ళ ఆరుగురికీ, నాకూ రక్తం తీయించారు. ఇవన్నీ పావుగంటలో చేశారు. ఆ తరువాత గొంతు తగ్గించి అడిగారు.

"రేపు సంతలో ఇది చదవాలా? ఒక్క వారం ఆగితే మోటారు సంగతి తేల్చుకుంటాను. ఈ ఆడవాళ్ళ ఇళ్ళకు నీళ్ళు కూడా పట్టుకోనివ్వరు. నీకు తెలియనిది కాదు."

తెలుసు. ఆరేళ్ళ కిందట మా వీధిలో ఒక ఇంట్లో దగ్గు వస్తే, కుళాయి దగ్గరికి రానీయకుండా వాళ్ళ బిందెలు దొర్లించారు. అది మామూలు దగ్గు. దొర్లించినవాళ్ళలో నేనూ ఉన్నాను, అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

"రాసింది చదవాలండీ. పుస్తకంలో ఊడ్చేవాళ్ళ పేర్లు రాయలేదు. తలుపు సంగతే రాశాను" అన్నాను.

ఆవిడ తల ఊపారు. ఒప్పుకున్నట్టో, అలసిపోయినట్టో నాకు తెలియలేదు.

209వ రోజు. సెప్టెంబరు 7, ఆదివారం

ఉదయం రెండు బత్తులూ లోపలికి.

సంతలో అందరికీ దూరంగా, మెరక మీద, ముసుగుతో నిలబడి మైకులో చదివాను. సోమవారం లోపలికి, లోపలికి. పిల్లలు పాట అందుకున్నారు. శనివారం దగ్గరికి వచ్చాను. "రెండవ బత్తి తొమ్మిదీ ఇరవైకి. బయటికి."

పిల్లలు "లోపలికి" అన్నారు.

ఎండుచేపల అంగడి దగ్గర బేరం సాగుతూనే ఉంది. ఎవరో నాచు మోపు దించి "తప్పుకోండి, తప్పుకోండి" అంటున్నారు. నేను మళ్ళీ చదివాను. బయటికి. ఒక్క తల కూడా లేవలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఏడు నెలలుగా వీళ్ళు వింటున్నారనుకున్నాను. వాళ్ళకు నా గొంతు వినబడితే చాలు, అన్నీ బాగున్నట్టే. మాట ఏదో అక్కర్లేదు.

మూడోసారి చదివాను. అప్పుడు టీ బల్ల మీద నుంచి దాలయ్య తాత లేచాడు. ముప్పై ఏళ్ళు ఈ పుస్తకం చదివిన మనిషి. "ఆపండెహె!" అని అరిచాడు. సంత ఆగింది. "పిల్లా, ఆ ముక్క మళ్ళీ చదువు."

నాలుగోసారి చదివాను.

ఒక్కసారిగా గోల లేచింది. ఎంత గాలి వచ్చింది, ఎంతమందికి వచ్చింది, మా ఇంటి దాకా వస్తుందా. నాకు తెలిసింది చెప్పాను. బలం తగ్గించిన రకమని, ఇప్పటికి ఒక్కరికే జ్వరమని, ఆ మనిషికి తగ్గిపోతోందని. 22న ఎర్రపెట్టె తెరిచేలోపు ఫ్యాను బాగుచేయించమని మనం గట్టిగా అడగాలని. వింటున్నారు. ఇప్పుడు నిజంగా వింటున్నారు.

అప్పుడు ఎండుచేపల అంగడి ఆవిడ అడిగింది: "ఏ వేళకి ఎలిగించినావన్నావు?"

"శనివారం తొమ్మిదీ ఇరవైకి."

"అది రావుకాలం కదేటి!"

"అవును, అందుకే..."

"రావుకాలంలో ఊదొత్తి ఎలిగిస్తే పొగ బయిటికి రాక లోపలికెల్తాదేటి? సదువుకుంది గాని ఆమాత్రం తెల్దు ఈ గుంటకి!"

నవ్వులు. ఊపిరి పీల్చుకున్న నవ్వులు. అంతవరకూ భయంతో బిగుసుకున్న ముఖాలు ఆ మాటతో తేలికపడటం నా కళ్ళతో చూశాను. భయపడనక్కర్లేని కారణం ఒకటి దొరికింది వాళ్ళకు, దాన్ని వదలలేదు. ఫ్యాను ఆగుతుందని నేను మైకులో చెబుతూనే ఉన్నాను. పేట కమిటీ అక్కడికక్కడే తీర్మానం చేసింది: ఇకమీదట రాహుకాలంలో బత్తి వెలిగించరాదు. చేతులెత్తారు. దాలయ్య తాత ఎత్తలేదు.

పిన్ని పేరు ఎవరికీ తెలియలేదు. ఆ ఒక్కటీ మందాకిని గారు భయపడినట్టు జరగలేదు.

211వ రోజు. సెప్టెంబరు 9, మంగళవారం

మొదటి మూడు బత్తులూ లోపలికి. నాలుగవది మూడూ నలభైకి, రాహుకాలంలో. బయటికి. కమిటీ తీర్మానం సంగతి నాకు తెలుసు. సాక్షి ఎప్పుడు చూడాలో చెప్పే అధికారం చట్టం కమిటీకి ఇవ్వలేదు.

రక్తం ఫలితాలు వచ్చాయి. నాకు ఏమీ లేదు. ఊడ్చేవాళ్ళు ఆరుగురిలో ముగ్గురి రక్తంలో బలం తగ్గించిన వైరస్ వచ్చి పోయిన ఆనవాళ్ళు ఉన్నాయి. వాళ్ళకు జ్వరం కూడా తెలియలేదు. ఒకరికి ఏడాది కిందటే వచ్చి ఉంటుందట. ఆ ముగ్గురిలో మా అమ్మ ఒకరు.

అమ్మకు నేనే చెప్పాను. విని అమ్మ అడిగింది.

"బలం తగ్గించింది టీకా కోసమే కదేటి?"

"అవునమ్మా."

"అయితే నాకు టీకా ఊరికే పడిపోనాదన్నమాట. సూదిపోటు కూడా నేదు" అంది. నవ్వించాలని అంది. నేను నవ్వకపోయేసరికి, "మరి ఆ ఎర్రపెట్టెలోది?" అని అడిగింది.

ఎర్రపెట్టె 22న తొమ్మిదీ పావుకు తెరుస్తారు. సోమవారం రాహుకాలం వెళ్ళాక. మర్నాడు మంగళవారం మూడింటికి డాక్టర్లు టీకి వస్తారు, మా ఫ్యాను ఆగుతుంది. ఊడ్చేవాళ్ళకు ఇప్పుడు వేరే పని ఇచ్చారు. వరండా తలుపు దాటగానే బట్టలుతికే గది, అమ్మనూ పిన్నినీ అందులో వేశారు. ఆ తలుపు కింద బొటనవేలు దూరేంత సందు ఉంది. ఈ రోజు అక్కడా బత్తి పట్టాను. బయటికి.

మందాకిని గారు నగరంతో రెండుసార్లు మాట్లాడారు. ఒక్క చోట ఫ్యాను చెడితే అది ఆ ఒక్క చోటి లోపమట. మోటారు నవంబరులో వస్తుందట. తేదీ మాత్రం పన్నెండు చోట్లా ఒకటే కాబట్టి మారదట. "పెట్టె తెరవనని చెబితే నా స్థానంలో మరొకరు వచ్చి తెరుస్తారు" అన్నారు. అది చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

దీపాలు పెట్టే వేళ దాలయ్య తాత మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే కూర్చున్నాడు. అమ్మ టీ ఇస్తే తాగలేదు.

"పట్టీ నేనే మార్చాను. ముందు అన్ని వేళలా చూసేవాళ్ళం. బత్తి వెలిగించేది మంచి జరగాలని కదా, చెడ్డ వేళ ఎందుకని మార్చేశాను. మార్చానని సంతలో చదివాను కూడా. ఎవడూ అడగలేదు" అన్నాడు.

"నేనూ అడగలేదు తాతా."

"నువ్వు అడిగావు. ఆలస్యంగా అడిగావు." సంచీలోంచి అంచులు మాసిన చట్టం పుస్తకం తీశాడు. "పదిహేడో నిబంధన చదువు. అది మేం పోట్లాడి పెట్టించుకున్నాం. ఆ జ్వరం నాటి యంత్రాల లెక్కలన్నీ తరవాత దిద్దినవని తేలాక, మనిషి చూసి చేత్తో రాసిందే సాక్ష్యమని ఒప్పించాం."

చదివాను. మూడు వేర్వేరు ప్రయోగశాలల సాక్షులు ఒకే లోపాన్ని తమ పుస్తకాల్లో రాస్తే, అది సరిచేసేదాకా ఏ ప్రయోగశాలలోనూ కొత్త పెట్టె తెరవరాదు.

"ఎన్నిసార్లు వాడారు?" అన్నాను.

"ఒక్కసారీ లేదు. సాక్షులు ఒకరికొకరు ఉత్తరం రాసుకోవాలని ఎవరికీ తోచలేదు."

212వ రోజు. సెప్టెంబరు 10, బుధవారం

ఈ ఉత్తరం పదకొండు ప్రతులు రాశాను. చెయ్యి నొప్పిగా ఉంది కాబట్టి చివరి ప్రతుల్లో అక్షరాలు బాగుండవు, మన్నించండి.

మీరు చేయవలసింది ఇది. మీ ఫ్యాను రోజులో ఎప్పుడైనా ఆగుతుందేమో వినండి. మీ దగ్గర రాహుకాలం చూడకపోవచ్చు. అయితే వర్జ్యం కావచ్చు, ప్రార్థన వేళ కావచ్చు, భోజనాల వేళ కావచ్చు. లోపల ఎవరూ ఉండరని అందరూ అనుకునే వేళ ఒకటి మీ దగ్గరా ఉంటుంది. దాని సంగతి డైరెక్టరును అడిగితే తెలియకపోవచ్చు. ఊడ్చేవాళ్ళను అడగండి. ఆ వేళ బాగా ముసుగు కట్టుకుని తలుపు దగ్గర బత్తి పట్టి చూడండి. చూసే ముందు ఊడ్చేవాళ్ళను బయటికి పంపండి. నేను పంపలేదు, ఆ తప్పు మీరు చేయకండి.

పొగ లోపలికి పోతే లోపలికి అనే రాయండి. నాకు సాయం చేయాలని బయటికి అని రాయవద్దు. అలా రాస్తే మన పుస్తకాలకు ఇంక విలువ ఉండదు, రేపు మరో అప్పలకొండకు అవి పనికిరావు. మీ ఫ్యాను ఆగడమే లేదని తేలితే ఆ మాటే రాయండి, నేను సంతోషిస్తాను.

ఇలా చేయడం వల్ల మీ పని పోవచ్చు. మీ పేటలో నవ్వుతారు కూడా. మా సంతలో పిల్లలు ఇప్పుడు నన్ను చూసి "బయటికి, బయటికి" అని పాడుతున్నారు. ఆ మాట వాళ్ళ నోట్లో ఉండటం కూడా మంచిదే అనుకుంటున్నాను.

నాకు ఇద్దరు కావాలి. బయటికి అని వస్తే, ఆ రోజు పేజీ నకలు మీ సంతకంతో పంపండి. 19వ తేదీ పొద్దున్న దాలయ్య తాత మూడు పేజీలూ పట్టుకుని నగరానికి రైలెక్కుతాడు. 20న కార్యాలయం మధ్యాహ్నం వరకే తెరిచి ఉంటుంది. 21 ఆదివారం. అందుకని మీ జవాబు, లోపలికైనా బయటికైనా, సెప్టెంబరు 18 గురువారం సాయంత్రం టపాకు నాకు చేరాలి. దయచేసి ఆ రోజు దాటనివ్వకండి.

మైలపల్లి నూకరత్నం
వాకిలి సాక్షి, గట్టుపేట